చెయ్యి చెప్పని మాట

అమెరికాలో, షికాగో పక్కనున్న షామ్‌బర్గ్‌లో ఇండియన్ స్టోర్ వెనక పార్కింగ్‌లో తెలుగువాళ్ళ కార్లు బాగుచేసే యాదగిరి, ఏ నట్టు విప్పినా, బిగించినా కళ్ళు మూసుకుంటాడు. ఎంత బలం పడుతోందో చూపించే రెంచి కొనుక్కోమంటే, "నా చెయ్యే చెప్తది," అంటాడు. షుగర్‌తో వేళ్ళకు తిమ్మిర్లు వస్తున్న సంగతి మాత్రం ఎవరితోనూ అనడు.

మొన్న హిమజ అనే అమ్మాయి అప్పుడే డ్రైవ్ చేసుకొచ్చిన కారు బానెట్ ఎత్తి, ఇంజన్‌ని తాకి, "చల్లవడ్డది," అన్నాడు. స్పార్క్ ప్లగ్ తిప్పగానే పుటుక్కున విరిగి సగం లోపలే ఉండిపోయింది. "తుప్పు పట్టింది బిడ్డా," అని, ఎడమచెయ్యి ఇంజన్ మీద ఆనించి, విరిగిన ముక్కలోకి ఎక్స్‌ట్రాక్టర్ దిగ్గొట్టి, ఓపిగ్గా తిప్పి బయటికి తీశాడు. ముక్క నిగనిగలాడుతోంది. ఎక్కడా తుప్పు లేదు. "అంకుల్, ఏదో కాలుతున్న స్మెల్ వస్తోంది," అంది హిమజ. యాదగిరి ఆనించిన చెయ్యి తీయకుండానే వంగి, వైర్లన్నీ చూశాడు.

"వైర్లు కాదు అంకుల్. మీ చెయ్యి."