ఒంటి సీటు

జగ్గయ్యపేటలో ఎరువుల కొట్టు నడిపే మా బాబాయి, బండి తీసే ముందు ప్రతిసారీ తల వెనక్కి తిప్పి, "చీర సర్దుకున్నావా?" అని అడిగేవాడు. వెనక పిన్ని ఉన్నా, ప్యాంటు వేసుకున్న నేనున్నా అదే మాట. నేను నవ్వితే తనూ నవ్వేవాడు.

పిన్ని పోయిన ఏడాదికి ఆ పాత క్రూయిజర్ బైకును నందిగామ మెకానిక్‌కిచ్చి, రేసు బండిలా ఉండే కేఫ్ రేసర్‌గా మార్పించాడు. వెడల్పాటి హ్యాండిల్ పోయి, ముందుకు వంగి పట్టుకునే పొట్టిది వచ్చింది. పొడుగు సీటు కోసేసి ఒక్కరికే చోటుంచారు. చీర కొంగు చక్రంలో పడకుండా ఉండే శారీ గార్డును మాత్రం బాబాయే తన చేత్తో విప్పాడు. ఈ వయసులో కుర్రకారు సోకులేంటని బజారంతా నవ్వింది. నాకూ చిరాకేసింది.

బండి తెచ్చుకునే రోజు నన్ను తోడు తీసుకెళ్లాడు. నడుం నొప్పితోనే వంగి కూర్చుని, స్టార్ట్ చేసి, తల వెనక్కి తిప్పాడు.

"చీర సర్దుకున్నావా?"

వెనక రేకు తప్ప ఏమీ లేదు. మెకానిక్ తల దించుకున్నాడు. బాబాయి ఇంజను ఆపి, దిగి, తాళం నా చేతిలో పెట్టాడు.

"సీటే లేకపోతే ఆ మాట నోటికి రాదనుకున్నా నాన్నా," అన్నాడు.