లైన్ రాసిన బ్లాగు

కొత్త చొక్కాకు అన్ని గుండుసూదులు ఎందుకు గుచ్చుతారో నాకు ఇంతవరకూ అర్థం కాలేదు. చొక్కా ఏమన్నా పారిపోతుందా? మొన్న మా మేనల్లుడు కొనిచ్చిన దాంట్లోంచి పదకొండు తీశాను. పన్నెండోది తొడుక్కున్నాక మెడ దగ్గర దొరికింది, లేదా దానికి నేను దొరికాను. రక్తం తుడుచుకుని, అద్దం ముందు నిలబడి, అలవాటు కొద్దీ ఎడమ చేతి కుట్టు తిప్పి తిప్పి చూసుకున్నాను. "ఎప్పుడూ ఆ చెయ్యే చూస్తారేం? రెండోది కుట్టలేదా?" అంది మా ఆవిడ. కుట్టారు. కానీ చొక్కాలకు ఎడమ చెయ్యి కుట్టే ఒకావిడ నాకు తెలుసు. కుడి చెయ్యి కుట్టేవాళ్ళతో పరిచయం కాలేదు.

ఇప్పుడంటే వైట్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీకి పిల్లల పాఠాలు రాసిపెడుతున్నాను గానీ, బ్లాగులు కొత్తగా వచ్చిన రోజుల్లో బొమ్మనహళ్ళిలో ఒక చిన్న ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేవాణ్ణి. హోసూరు రోడ్డు మీద పెద్ద లారీ పోతే మా బల్లలు కూడా దానితో పాటు ఒక అంగుళం ప్రయాణం చేసేవి. పిల్లల్లో ఎక్కువమంది తల్లులు గార్మెంట్స్‌లో పని. మొత్తం బడిలో ఈమెయిల్ ఉన్నది నాకొక్కడికే కాబట్టి కంప్యూటర్ మాస్టరు పదవి కూడా నన్నే వరించింది. ఆరు కంప్యూటర్లు. ఆ పక్క వీధిలోని గార్మెంట్ యూనిట్ యజమాని ఉదారంగా ఇచ్చారు. ఇచ్చిన సంగతి మేం మరిచిపోకుండా ఒక్కోదాని మీదా ఆయన పేరు కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ రాయించి ఇచ్చారు.

నాతో కాలేజీ హాస్టల్ గదిలో మూడేళ్ళు ఉన్న స్నేహితుడు శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డున ఒక సర్కారు బడిలో మాస్టరు. మీ ఎనిమిదో తరగతి, మా ఎనిమిదో తరగతి చెరో బ్లాగు పెట్టి ఒకరి రాతలు ఒకరు చదువుకుంటే ఎలా ఉంటుందన్నాడు. బాగానే ఉంటుందన్నాను. బాగాలేదు. మా మొదటి పోస్టు 'మా పాఠశాల'. పచ్చని చెట్ల నడుమ ప్రశాంత వాతావరణంలో వెలసినది అని ఉంది అందులో. మా బడిలో ఉన్న పచ్చదనమల్లా ఆఫీసు కిటికీలో ఒక తులసి కుండీ. ఆ వాక్యం పిల్లలు రాయలేదు, దిద్దే నెపంతో నేనే రాశాను. వాళ్ళు ప్రకృతి ఒడిలో ఒదిగిన తమ గ్రామం గురించి జవాబు రాశారు. అది మావాడు రాశాడని నాకు తెలుసు, హాస్టల్లో వాడి ఉత్తరాలు చదివినవాణ్ణి. రెండు నెలల పాటు రెండు బళ్ళ పిల్లలూ ఒకరికొకరు గైడు పుస్తకాలు పంపించుకున్నట్టుగా సాగింది.

ఇంకో తంటా, ఆరు కంప్యూటర్లకి ముప్ఫై రెండు మంది పిల్లలు, నలభై నిమిషాల పీరియడు. తోపులాటలోనే గంట కొట్టేసేవారు. ఒకరోజు మూడో బెంచీ అమ్మాయి లేచింది. రెండు జడలు, చెవి మీద పెన్సిలు. "సార్, ఇట్లయితే టార్గెట్ రాదు. లైన్ పెట్టేస్తాను" అంది. గార్మెంట్స్‌లో చొక్కా అంతా ఒకరే కుట్టరు. కాలరు ఒకరు, జేబు ఒకరు, కాజాలు ఒకరు, అలా వరసగా చేతులు మారుతుంది. ఆ వరసే లైన్. ఈ పిల్ల క్లాసునంతా అలాగే కూర్చోబెట్టింది. మొదటి వాక్యం రాసేవాళ్ళు ఇద్దరు, రెండో వాక్యానికి ఇద్దరు, అలా చివరిదాకా. శీర్షికలు పెట్టడానికి ఒకడు. అక్కర్లేని మాటలు కత్తిరించేందుకు ఇద్దరు, వాళ్ళ పని పేరు థ్రెడ్ కటింగ్. టైపింగుకు ఆరుగురు. తనేమో చెకింగు, తప్పు దొరికితే ఎర్ర స్టిక్కరు. లైన్ చివర నేను, అంటే దిద్దేవాణ్ణి. మూడో రోజుకే నా దగ్గర రాతలు గుట్టపడ్డాయి. "సార్ కాడనే స్లో అవుతా ఉండాది" అని ఆమె నా బల్లకు కూడా ఒక స్టిక్కరు అంటించింది. విద్యాశాఖ తనిఖీలో కూడా అంత సూటిగా ఎవరూ రాయలేదు.

తర్వాత నాకు నాలుగు రోజులు జ్వరం. మాస్టరు లేకపోతే పని ఆగుతుందని నేను అనుకున్నాను. లైనులో మనిషి రాకపోతే ఆ కుర్చీ దాటించి పని ముందుకు పంపుతారని వాళ్ళకు తెలుసు. నేను లేచి వచ్చేసరికి నా చెయ్యి పడని మొట్టమొదటి పోస్టు వెళ్ళిపోయి ఉంది. "మా అమ్మ ఎడమ చెయ్యి కుడుతుంది. కుడి చెయ్యి వేరే ఆంటీ. మా అమ్మ చొక్కా మొత్తం ఎప్పుడూ కుట్టలేదు. పొద్దున డ్యూటీకి పోతే సాయంత్రం దాకా నీళ్ళు తాగదు." అంతే. పచ్చని చెట్లు లేవు. కింద కామెంట్లలో చూస్తే సముద్రం ఒడ్డు పిల్లలు బారులు తీరి ఉన్నారు. రెండు నెలల్లో 'చాలా బాగుంది' తప్ప ఇంకో మాట రాయని పిల్లలు! రెండు చేతులూ ఒకే పొడుగు రాకపోతే ఎవర్ని తిడతారు? మా నాన్న వల మొత్తం తనే అల్లుతాడు, మీ అమ్మకి చొక్కా మొత్తం కుట్టాలని ఉండదా? ఒక పిల్ల అడిగింది: "మీ అమ్మ నీళ్ళెందుకు తాగదు? మా ఊరి నీళ్ళలాగ మీ ఊరివి కూడా ఉప్పనా?"

ఆ ప్రశ్న మీద మా లైన్ ఒక పీరియడంతా పనిచేసింది. జవాబు నేను దిద్దలేదు. దిద్దడానికి అందులో నాకేమీ దొరకలేదు. "నీళ్ళు బాగానే ఉన్నాయి. తాగితే బాత్రూముకు పోవాల. పోతే సూపర్‌వైజర్ అరుస్తాడు. అందుకని తాగదు. మా క్లాసులో అడిగితే చానామంది చేతులెత్తినారు, వాళ్ళమ్మలు కూడా తాగరు."

అందులో ఏ ఫ్యాక్టరీ పేరూ లేదు. అయినా కంప్యూటర్లిచ్చిన యజమానికి అది తన గురించేనని ఎలాగో తెలిసిపోయింది. బడి నడిపే మా కరస్పాండెంటు నన్ను గదికి పిలిచారు. మూడు తరాలుగా బెంగుళూరులో స్థిరపడ్డ కుటుంబం ఆయనది, చెడ్డవారు కాదు, జీతం ఆలస్యమైతే మొహం చాటేసే పాటి మర్యాద ఉన్న మనిషి. "ఏమప్పా మాష్టరూ, ఇదంతా మనకు బేకా? తీసేయప్పా" అన్నారు. పాస్‌వర్డ్ మరిచిపోయానన్నాను. రోజూ పొద్దున్నే కొట్టే, టైపింగు పిల్లలకు కూడా తెలిసిన పాస్‌వర్డది. నా జీవితంలో నేను చేసిన తిరుగుబాటు మొత్తం అంతే. ఆయన "జ్ఞాపకమొచ్చే తలికి పనుంటాదో లేదో చూసుకో" అన్నారు. తర్వాత, రాసిన పిల్ల ఎవరో చెప్పమన్నారు. నేను చెప్పనందుకు ఆయనే క్లాసుకు వచ్చారు.

"ఇది రాసింది ఎవురు?" అన్నారు. రెండు జడల పిల్ల లేచి, "ఎవురూ రాయలేదు సార్. లైన్ రాసింది" అంది. ఆయనకు అర్థం కాలేదు. మొదటి వాక్యం తనదని ఒకడు లేచాడు. రెండోది తమదని ఇద్దరు లేచారు. శీర్షికవాడు లేచి, పేరు పెట్టానే గానీ లోపల ఏముందో తనకిప్పటికీ తెలియదన్నాడు. థ్రెడ్ కటింగు వాళ్ళు తాము రాయలేదనీ, కోశామనీ చెప్పారు. అలా ముప్ఫై రెండు మందీ నిలబడ్డారు. పోస్టులో ఉన్నది ఎవరి తల్లి అని అడిగితే, చెకింగులో పేర్లు ఉండవు సార్ అంది ఆ పిల్ల. పెద్దవాళ్ళలో అప్పటికి నాకొక్కడికే తెలుసు, ఎడమ చెయ్యి కుట్టేది వాళ్ళమ్మేనని, ఆ పనిచేసేది ఆ యజమాని యూనిట్లోనేనని. పేరు బయటపడితే పోయేది పోస్టు కాదు, ఇంటి అద్దె కట్టే జీతం. "అట్లనా? అయితే అందరి తల్లుల్నీ పిలిపించు" అన్నారు కరస్పాండెంటు.

వాళ్ళకు తీరిక ఉండేది ఆదివారమే కాబట్టి ఆదివారమే పిలిచాం. ఇరవై మంది దాకా వచ్చారు, చంటిబిడ్డలతో, కూరల సంచులతో. ఆఫీసు గదిలో కుర్చీలు నాలుగే. తెలిసీ తెలియక పిల్లలు తప్పుడు రాతలు రాశారు, క్షమించాలి, అని ఒక ఉత్తరం ముందే టైపు చేయించి పెట్టారు, కింద సంతకాలకు గీతలతో సహా. నేనే చదివి వినిపించాలి. వినిపించాను. అంత అధ్వాన్నంగా నేనెప్పుడూ పాఠం చదవలేదు. ఎవరూ పెన్ను ముట్టుకోలేదు. అప్పుడు గోడకానుకుని ఉన్న ఒకావిడ కాగితం అందుకుని, వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంది. ఆమె ఎవరో పక్కనే నిలబడ్డ కూతురి రెండు జడలను బట్టి ఎవరైనా చెప్పగలరు. ఆమె నాకు తెలుసన్నట్టు కనబడకూడదని నేను కిటికీలోని తులసి కుండీ వైపు చూడటం మొదలుపెట్టాను.

తర్వాత జరిగినవి చెప్పేస్తాను. మర్నాటికి కంప్యూటర్లు వాటి మీది పేర్లతో సహా వెళ్ళిపోయాయి. మా లైన్ శనివారం శనివారం సైబర్ సెంటరుకు మారింది, నా ఖర్చు మీద. ఆవిడ పని రెండు వారాలకు పోయింది. నెల తిరక్కుండా ఇంకో యూనిట్లో చేరింది, అక్కడ జేబులు. సముద్రం ఒడ్డు పిల్లలకు ఆ కబురు కూడా రాశాం. పోస్టు మాత్రం ఉన్నచోటే ఉంది. నా పాస్‌వర్డ్ ఇప్పటికీ నాకు గుర్తుకు రాలేదు. ఆ పిల్లల్లో కొందరికి ఇప్పుడు పిల్లలున్నారట. నాకేమో ఆ ఆదివారం గడిచిపోయినట్టే ఉండదు.

ఆవిడ కాగితం చదివి తిరిగి బల్ల మీద పెట్టేసింది. కరస్పాండెంటు మెత్తబడి, "ఇప్పటికి తీసేయనీమ్మా. కొంచెం కాలం పోతే అంతా సరిపోతాది" అన్నారు. ఆమె కొంగు దోపుకుంది.

"కాలం మీ కాడ ఉంటాది సార్. మాకుండేది ఈ ఆదివారమొక్కటే. గుడ్డలు నానేసి వచ్చినాను. పిల్లోళ్ళు రాసింది నిజము, తీసేది లేదు. దోవ ఇడండి, పోవాల."