నోటితో వేసిన ఓటు

ఎలియాస్ పెట్టో గురించి హేథర్‌కూమ్‌లో ఎవర్ని అడిగినా "నోట్లో నాలుక లేని మనిషి" అనేవారు. ఉన్ని దువ్వడం అతని పని. ఇనపపళ్ల దువ్వెనల్ని బొగ్గుల కుంపటి మీద కాచి, నూనె పట్టించిన ఉన్నిని పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా దువ్వుతూనే ఉండేవాడు. ఆ పొగకి కళ్లెప్పుడూ ఎర్రగా ఉండేవి. పెళ్లాం డోర్కస్ నాలుగు మాటలంటే అతను ఒకటనేవాడు, అదీ అవసరమైతే.

ఒక్కగానొక్క కొడుకు గిడియన్ మాత్రం వసపిట్ట. "తండ్రి దాచుకున్న మాటలన్నీ కొడుక్కి ఆస్తిగా వచ్చాయి" అని పక్కింటి ఆమోస్ నవ్వేవాడు. ఆమోస్ టాప్లీ చెప్పులు కుట్టేవాడు. ఎలియాస్‌కి చిన్ననాటి స్నేహితుడు. గిడియన్ బాప్తిస్మం నాడు పసివాణ్ణి చేతుల్లోకి తీసుకున్న జ్ఞానతండ్రి కూడా అతనే. తనకి ఆరుగురు పిల్లలున్నా గిడియన్‌ని ఏడోవాడిగా చూసుకునేవాడు.

స్పెయిన్‌తో యుద్ధం మొదలైన మరుసటి వసంతంలో గిడియన్ ఉన్ని మూటలు వేసుకుని బండివాడితో బ్రిడ్జ్‌వాటర్ రేవుకి వెళ్లాడు. అప్పటికి వాడికి పంతొమ్మిదేళ్లు. మూడో రోజు బండి తిరిగొచ్చింది. బండివాడు టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"యుద్ధం ఓడల్లో పనికి మనుషుల్ని బలవంతంగా పట్టుకుపోయే వాళ్లు అక్కా. ఎనిమిది మంది ఉన్నారు. సత్రం గుమ్మంలోనే మీదపడ్డారు. ముసలాణ్ణని నన్నొదిలేశారు. వాడు నిన్నే పిలుస్తూ అరిచాడు."

డోర్కస్ ఏడ్చింది. ఎలియాస్ కుంపటి దగ్గరికి పోయి కూర్చున్నాడు. దువ్వెన కాలి ఎర్రబడిపోతున్నా తీయలేదు.

జులైలో ఒక ఉత్తరం వచ్చింది, ఎవరిచేతో రాయించినది. ఓడ ఇంకా రేవులోనే ఉందట. "ఇక్కడిచ్చే జున్ను ఎంత గట్టిదంటే, మావాళ్లు దాన్ని చెక్కి చొక్కాలకి బొత్తాలు చేసుకుంటున్నారు. అమ్మా, నా మేజోళ్లు పూర్తిగా చిరిగిపోయాయి. ఆమోస్ మామకి చెప్పు, ఆయన కుట్టిన చెప్పులు మాత్రం ఇంకా గట్టిగానే ఉన్నాయని." అంతే. డోర్కస్ ఆ ఉత్తరాన్ని చర్చి గుమాస్తాతో నాలుగుసార్లు చదివించుకుంది. నాలుగుసార్లూ బొత్తాల దగ్గర నవ్వింది. మేజోళ్లు అల్లింది కానీ ఏ ఓడకి పంపాలో చెప్పేవాడు దొరకలేదు. ఆ తర్వాత ఉత్తరం రాలేదు. శీతాకాలం గడిచిపోయింది.

మరుసటి ఏడు పార్లమెంటు ఎన్నికలొచ్చాయి. సొంత పొయ్యి మీద సొంత కుండ ఉడికించుకునే మగవాడెవరికైనా హేథర్‌కూమ్‌లో ఓటుండేది. ఏడేళ్లు మొహం చూపని దొరలంతా ఒక్కసారిగా వీధుల్లో ప్రత్యక్షమయ్యారు. ముసలమ్మల చేతులు ముద్దు పెట్టుకున్నారు, చీమిడి ముక్కు పిల్లల్ని చంకనెత్తుకున్నారు. ఊరికి రెండు స్థానాలు. ఒకటి ఎవరిదో ముందే తేలిపోయింది. రెండోదానికి లవెల్ దొరకీ, సర్ అంబ్రోస్ టిల్యార్డ్‌కీ పోటీ. ఎలియాస్, ఆమోస్ కాపురముంటున్న వీధి మొత్తం లవెల్‌ది. కాబట్టి ఆ వీధి ఓట్లు ఎటు పోతాయో అడగాల్సిన పని లేదనుకున్నారు అందరూ.

అయినా మార్చి మొదట్లో సర్ అంబ్రోస్ ఆ వీధికే వచ్చాడు. వెంట ప్లీడరు స్కట్. ఎన్నికల పనంతా అతని చేతిమీదే నడిచేది. దొర తల వంచి గుమ్మం దాటి, ఉన్ని మూట మీదే కూర్చున్నాడు. డోర్కస్ ఆగలేకపోయింది.

"ఓటు మా ఆయనది, నాది కాదు దొరగారూ. కానీ ఒక్క మాట చెప్తాను వింటారా? నా కొడుకుని పట్టుకుపోయారు. బతికున్నాడో లేదో చెప్పేవాడు లేడు."

సర్ అంబ్రోస్ మొహం నిజంగానే మారింది. అతనికీ ఆ వయసు కొడుకున్నాడు. "పేరు చెప్పమ్మా. స్కట్, రాసుకో. నౌకాదళం వాళ్లకి ఈ వారమే నేను స్వయంగా రాస్తాను. నన్ను పార్లమెంటుకి పంపారంటే, కోతల నాటికి మీ అబ్బాయి ఇంట్లో ఉంటాడు."

వాళ్లు వెళ్లాక డోర్కస్ మొగుడి వైపు చూసింది. "లవెల్ దొర ఇల్లు ఖాళీ చేయిస్తాడయ్యా."

"ఇల్లు ఇంకోటి దొరుకుతుంది" అన్నాడు ఎలియాస్.

జీవితంలో ఎవర్నీ ఏమీ అడగని ఆ మనిషి మర్నాటినుంచి ఇల్లిల్లూ తిరిగాడు. మాటలు రాక గుమ్మంలో నిలబడి టోపీ నలుపుకునేవాడు. "మా గిడియన్ కోసం" అనేవాడు చివరికి. అంతకుమించి ఒక్క ముక్క రాలేదు. గిడియన్‌ని ఎరగనివాళ్లు ఊళ్లో ఎవరూ లేరు. వేరే వీధులవాళ్లు తొమ్మిది మంది సరేనన్నారు. పదోవాడు ఆమోస్.

ఆమోస్ దగ్గర అడగడానికే ఎక్కువ సిగ్గేసింది అతనికి.

"ఆరుగురు పిల్లలున్నవాడివి. వద్దంటే వద్దను. నేనేమీ అనుకోను."

ఆమోస్ నోట్లో పెట్టుకున్న మేకులు అరచేతిలోకి ఉమ్ముకున్నాడు. "వెర్రి వెధవా. వాడి కోసం నువ్వొచ్చి నన్ను బతిమాలాలా?"

లోపల్నుంచి అతని పెళ్లాం హెస్టర్ కేకేసింది. "వేయనీ అన్నయ్యా. పిల్లాడు రాగానే ముందు మా ఇంట్లోనే భోజనం. ఇది మాత్రం నా షరతు."

మే నెల మొదటి వారంలో పోలింగు. సంత మంటపం ముందు చెక్కల వేదిక కట్టారు. ఒక్కొక్కడూ ఎక్కి తన పేరూ, తను కోరిన దొర పేరూ అందరూ వినేలా చెప్పాలి. గుమాస్తా పుస్తకంలో రాస్తాడు. లవెల్ దొర పక్కనే గుర్రం మీద కూర్చుని ప్రతి మొహాన్నీ చూస్తున్నాడు.

ఎలియాస్ మెట్టెక్కగానే లవెల్ ప్లీడరు అడ్డుపడ్డాడు. "ఈ మనిషికి ఓటు లేదు. తమ్ముడింట్లో తింటాడు. వీడికి సొంత కుండే లేదు."

అది పచ్చి అబద్ధం. అయినా రుజువు చూపించమన్నారు. డోర్కస్ ఇంటికి పరుగెత్తింది. ఆమోస్ పెద్దకొడుకు బల్ల మోశాడు. బఠాణీలూ పందిమాంసమూ ఉడుకుతున్న కుండని ఆమె గుడ్డతో పట్టుకుని బజారులోకి తెచ్చింది. మొగుడూ పెళ్లాలిద్దరూ నడివీధిలో, ఊరంతా చూస్తుండగా కూర్చుని తిన్నారు.

ప్లీడరు వెటకారంగా అడిగాడు. "ఇంత కుండా? ఎంతమంది తింటారేమిటి ఇందులో?"

"ముగ్గురం" అంది డోర్కస్.

"నాకు ఇద్దరే కనిపిస్తున్నారే!"

జనం నవ్వారు. డోర్కస్ లేచి నిలబడింది. "మూడోవాడు రాజుగారి ఓడ మీదున్నాడు. వస్తున్నాడు. కోతల నాటికి వస్తాడు, వచ్చినప్పుడు రండి, మీకూ ఒక గిన్నె పెడతాను."

నవ్వులు ఆగిపోయాయి. ప్లీడరు కాగితాలు సర్దుకున్నాడు.

ఎలియాస్ వేదికెక్కాడు. "ఎలియాస్ పెట్టో, ఉన్ని దువ్వేవాణ్ణి. సర్ అంబ్రోస్ టిల్యార్డ్." అతనంత గట్టిగా మాట్లాడగా ఆ ఊళ్లో ఎవరూ విని ఉండరు. లవెల్ దొర గుర్రం మీదినుంచి చూస్తూనే ఉన్నాడు. వెనకాలే ఆమోస్ ఎక్కాడు. సర్ అంబ్రోస్ పదకొండు ఓట్ల తేడాతో గెలిచాడు. ఎలియాస్, అతనడిగిన పదిమంది, కలిపి లెక్క సరిగ్గా పదకొండు. ఆ సాయంత్రం కొత్త సభ్యుణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి ఊరంతా మోశారు. ఆపిల్ సారా పీపాలు తెరిచారు. మర్నాడు డోర్కస్ గిడియన్ పరుపు ఎండలో వేసింది.

జూన్ నెలాఖరుకల్లా ఎలియాస్, ఆమోస్ ఇళ్లు రెండూ ఖాళీ చేయమని లవెల్ దగ్గర్నుంచి కబురొచ్చింది. ఎలియాస్ తమ్ముడింటి వెనక గదిలోకి మారాడు. దువ్వుడు కుంపటికి అక్కడ చోటు లేక ఇంకొకరి కొట్టంలో పనికి కుదిరాడు. ఆమోస్‌కి ఊళ్లో ఎవరూ ఇల్లివ్వలేదు, లవెల్‌కి భయపడి. తోపుడు బండి మీద చిన్నపిల్లల్నీ, చెప్పుల పనిముట్లనీ వేసుకుని టాంటన్ వెళ్లిపోయాడు. బండి కదిలేటప్పుడు హెస్టర్ అంది: "వాడు వస్తే నడిపించుకు తీసుకురా అన్నయ్యా. షరతు మర్చిపోకు."

కోతలొచ్చాయి, అయిపోయాయి. స్కట్ దగ్గరికి మూడుసార్లు వెళ్తే మూడుసార్లూ "కబురు రాలేదు" అన్నాడు. సెప్టెంబరు చివర, సర్ అంబ్రోస్ లండన్ వెళ్లేలోగా కలవాలని ఎలియాస్ ఎనిమిది మైళ్లు నడిచి అతని బంగళాకి వెళ్లాడు. వంటింటి వైపు రెండు గంటలు కూర్చున్నాక లోపలికి పిలిచారు.

సర్ అంబ్రోస్‌కి మనిషి ఎవరో వెంటనే తట్టలేదు. కొడుకు పేరు చెప్పాక మొహం పాలిపోయింది.

"స్కట్ నీకు చెప్పలేదూ?"

"ఏమిటి దొరగారూ?"

సర్ అంబ్రోస్ సొరుగు తెరిచి చాలాసేపు వెతికాడు. ఉత్తరం తీసి బల్లమీద పెట్టాడు. ఎలియాస్‌కి చదువు అంతంతమాత్రం. బైబిలు అక్షరాలు కూడబలుక్కుని చదవగలడు. కొడుకు పేరు కనిపించింది. దాని పక్కన 'జ్వరం'. ఆగస్టు రెండు, పోయిన ఏడాది. పైన ఉత్తరం రాసిన తేదీ ఉంది. మార్చి పద్దెనిమిది.

ఆ తేదీ మీద వేలు పెట్టి అలాగే నిలబడ్డాడు.

"పోలింగు మే నెలలో కదండీ."

సర్ అంబ్రోస్ కిటికీ వైపు తిరిగాడు. "నేను చెప్పమనే అన్నాను. ఈ గొడవ అయ్యాక చెబుదాం, ఇప్పుడు ఆ తల్లి మనసెందుకు కష్టపెట్టాలి అన్నాడు స్కట్. నాకూ అదే మంచిదనిపించింది. ఆ తర్వాత..." ఆ తర్వాత ఏమైందో అతనికే తెలియదు. మర్చిపోయాడు, అంతే. "పెట్టో, నీకేం కావాలో అడుగు. నా తోటలో ఇల్లు ఒకటి ఖాళీగా ఉంది. మీ ఇద్దరూ వచ్చి ఉండండి."

"నా మాట నాకిచ్చేయండి దొరగారూ."

"ఏ మాట?"

"ఆ రోజు వేదిక మీద చెప్పాను కదండీ. నాదీ, ఆమోస్‌దీ. మిగతావాళ్లవి వాళ్లొచ్చి అడుగుతారు. మా ఇద్దరివీ కొట్టేయించండి."

సర్ అంబ్రోస్ గొంతు తగ్గించాడు. "అది పుస్తకంలోకి ఎక్కిపోయిందయ్యా. ఒకసారి ఎక్కింది ఎవరూ తీయలేరు. నేనూ తీయలేను."

ఎలియాస్ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాడు. తోట ఇంటి గురించి ఔననలేదు, కాదనలేదు.

డోర్కస్‌కి ఎలా చెప్పాలో దారి పొడుగునా తెలియలేదు. తీరా గదిలోకి అడుగు పెట్టాక చెప్పాల్సిన పనే పడలేదు. మొహం చూసి ఆమె అల్లుతున్న పని ఒళ్లో పెట్టుకుంది.

"ఎప్పుడు?"

"పోయినేడు ఆగస్టు రెండున. రేవులోనే. జ్వరం."

ఆమె వేళ్లు మడవడం మొదలుపెట్టింది. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు... మే దగ్గర ఆగింది. "తొమ్మిది నెలలు" అంది. "నేను బజార్లో ముగ్గురం అన్న నాటికి వాడు పోయి తొమ్మిది నెలలు. వాణ్ణి కడుపులో మోసినన్నాళ్లు." మళ్లీ అంది: "ఆ ప్లీడరు చెప్పిందే నిజమయ్యా. ఇద్దరమే ఉన్నాం."

ఎలియాస్ ఆమె పక్కన నేల మీద కూర్చుని ఆమె మోకాలి మీద తల పెట్టాడు. పెళ్లయిన నాటినుంచి ఆమె అతని ఏడుపు వినలేదు. ఆ రోజు గోడ అవతల తమ్ముడి కుటుంబమంతా విన్నది.

ఆ వారంలోనే టాంటన్ వెళ్లాడు. ఆమోస్ ఒక ఇరుకు సందులో, తడి గోడల గదిలో ఉన్నాడు. సొంత పని పోయి వేరేవాడి కింద చెప్పులకి అడుగులు కుడుతున్నాడు. హెస్టర్ నీళ్లకి వెళ్లింది. ఎలియాస్ ఉత్తరం చూపించి, తేదీలు చెప్పాడు.

"చచ్చిపోయినవాడి కోసం నీ ఇల్లు పోగొట్టానురా" అన్నాడు. అది అతను దాచుకోకుండా చెప్పిన పెద్ద మాట.

ఆమోస్ సుత్తి కింద పెట్టాడు. తలుపు వైపు చూసి గబగబా అన్నాడు:

"హెస్టర్‌కి చెప్పకు. అది ఇప్పటికే చిన్నదాన్ని తలుచుకుని కుమిలిపోతోంది."

"చిన్నదాన్నా?"

"మా ఆఖరిది రూత్ ఈ కొంపలోనే పోయింది. ఆగస్టులో. దగ్గు. నీకు కబురు పంపడానికి మనసొప్పలేదు." ఆమోస్ ముక్కు తుడుచుకున్నాడు. "బతికున్న పిల్లాడి కోసం ఇంత పడ్డామనుకుంటోందిరా హెస్టర్. ఆ ఒక్కటీ ఉంచు దానికి. నేను బతిమాలుతున్నాను."

అంతలో హెస్టర్ బకెట్టుతో వచ్చింది. చిక్కిపోయింది. ఎలియాస్‌ని చూడగానే మొహం విప్పారింది.

"అన్నయ్యా! పిల్లాడి కబురేమైనా తెలిసిందా?"

ఎలియాస్ ఆమోస్ వైపు చూశాడు. ఆమోస్ తల దించుకుని తోలు ముక్కని చూస్తున్నాడు.

"ఇంకా కబురు రాలేదమ్మా" అన్నాడు ఎలియాస్.

స్కట్ తనకి మూడుసార్లు చెప్పిన మాటే అది. నోట్లోంచి వచ్చాక గానీ అతనికి తెలియలేదు.

డోర్కస్ ఆ శీతాకాలం దాటలేదు. తర్వాత వచ్చిన ఎన్నికల్లో సర్ అంబ్రోస్ పోటీ లేకుండానే గెలిచాడు. తమ్ముడి పొయ్యి మీద వండింది తినే ఎలియాస్‌కి అప్పటికి ఓటే లేదు, ఎవరూ అతని దగ్గరికి రాలేదు. ఏడాదికి రెండుసార్లు మాత్రం టాంటన్ నడిచి వెళ్లొచ్చేవాడు. హెస్టర్ బతికున్న పదకొండేళ్లూ వెళ్లాడు. వెళ్లినప్పుడల్లా ఆమె అదే అడిగేది, అతను అదే చెప్పేవాడు.