సారీగారి తప్పు

ఆయనకు కన్నవాళ్లు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. పరిశోధనశాలలో మాత్రం అందరికీ ఆయన సారీగారే. తప్పు ఎవరిదైనా సరే, ముందుగా తను సారీ చెప్పేస్తే గానీ ఆయనకు తిన్నది అరగదు.

కుర్చీ తగిలితే కుర్చీకి చెప్పేవారు. ఎవరైనా ఆయన కాలు తొక్కితే, కాలు అక్కడ పెట్టినందుకు చెప్పేవారు. ఓసారి లిఫ్టులో ఇరుక్కుపోయి, బయటికి లాగిన మెకానిక్కుకి ఎన్ని క్షమాపణలు చెప్పారంటే, చివరికి అతనే, "సర్లెండి, ఇంకెప్పుడూ ఇలా చెయ్యకండి" అని మందలించి వెళ్లాడు.

ఆయన పని చెట్ల జన్యుక్రమం చదవడం. పెద్దరోడ్డుకి రెండువైపులా ఉన్న నీడచెట్లకి తెగులు సోకింది. బెరడు పగిలి నల్లటి జిగురు కారేది, చూస్తూ ఉండగానే చెట్టు మోడైపోయేది. వాటిలో దేనికైనా తట్టుకునే శక్తి ఉందేమో చూడమని సారీగారికీ, ఆయన దగ్గర పనిచేసే పరిశోధకురాలికీ అప్పజెప్పారు.

ఆమెకు ఓపిక తక్కువ. ఆయనేమో ప్రతి చెట్టునూ, "సారీ అమ్మా, ఒక్క ఆకే" అని బతిమాలుకుని గానీ ఆకు కొయ్యరు.

"సార్, ఎండ మండిపోతోంది. చెట్టుకి చెవుల్లేవు."

"అవునవును, సారీ," అనేవారు ఆమెతో. వెంటనే చెట్టు వైపు తిరిగి, "తొందరపెడుతోంది, ఏమీ అనుకోకు" అనేవారు.

ఆకులన్నీ యంత్రంతో చదివించి ఇద్దరూ తెర ముందు కూర్చున్నారు. ఏ చెట్టు చూసినా అదే క్రమం.

"నమూనాలు కలిసిపోయాయా, సార్?"

"నా వల్లే అయ్యుంటుంది. సారీ."

మళ్లీ ఆకులు తెచ్చారు. మళ్లీ అదే. రోడ్డు పొడుగునా ఉన్నవి ఒకే చెట్టు కొమ్మలు నాటగా ఎదిగినవి. ఒకదాన్ని చంపగలిగిన తెగులుకి తక్కినవి అడ్డే కాదు. కాస్త ముందే చదివి ఉంటే మధ్యమధ్య వేరే మొక్కలైనా నాటించేవాళ్లం కదా అని ఆమె మనసు పీకుతూనే ఉండేది. కింద రోడ్డు మీద రంపాల చప్పుడు వినలేక కిటికీ మూసేసేది.

ఒకరోజు ఆ చెట్లు నాటిన తోటమాలి వచ్చాడు. ఉద్యోగం విరమించి చాలాకాలమైంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఒక్క మాట అడిగి పోదామని వచ్చాను బాబూ. అప్పట్లో మంచి నీడనిచ్చే చెట్టొకటి చూసి, దాని కొమ్మలే కోసి రోడ్డంతా నాటాను. అందుకే పోతున్నాయంటున్నారు. వాటిని నేనే చంపుకున్నానా?"

జవాబు ఎదురుగా తెర మీదే ఉంది.

"సారీ బాబాయ్," అన్నారు సారీగారు. "తప్పు మాది. రకరకాలు కలిపి నాటాలని మీకు చెప్పాల్సింది మేము. చెప్పలేదు. నాటాక వచ్చి చూడనూ లేదు."

ఆ చెట్లు నాటేనాటికి ఆయన పలక పట్టుకుని బడికి వెళ్తూ ఉంటారని ఆమెకు తెలుసు.

ముసలాయన మెల్లగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఊపిరి తీసుకున్నాడు. ఆ తర్వాత కోపం వచ్చింది.

"ఇంతింత చదువులు చదివి ఏం చేస్తున్నారయ్యా? ఒక్క మాట చెప్పుంటే గింజలేసి మొలిపించేవాణ్ని కాదా?"

"నిజమే బాబాయ్. సారీ."

"నిక్షేపంలాంటి చెట్లు."

"సారీ."

తిట్టినకొద్దీ ముసలాయన ముఖం తేటపడింది. వెళ్లేటప్పుడు నిటారుగా నడిచి వెళ్లాడు. ఆమె టీ తెచ్చి సారీగారి ముందు పెట్టింది, ఎప్పుడూ లేనిది.

పెద్దరోడ్డు మీద ఒక్క చెట్టూ దక్కలేదు. కొండవారన గింజల నుంచి తమంతట తామే మొలిచిన అదే జాతి చెట్లలో మాత్రం, దేని జన్యుక్రమం దానిదే కాబట్టి, కొన్ని తట్టుకుని నిలబడ్డాయి. వాటి గింజలు పట్టుకుని ఇద్దరూ తోటమాలి ఇంటికి వెళ్లారు, నారు పోసిపెట్టమని.

ముసలాయన గింజలను అరచేతిలో పోసుకున్నాడు. "ఈసారి అన్నీ వేరువేరేనా?"

"వేరువేరే బాబాయ్. నేనే చూశాను," అన్నారు సారీగారు.

"మీరు చూస్తే చాలదు," అని ముసలాయన ఆమె వైపు తిరిగాడు. "అమ్మాయ్, నువ్వు చూశావా?"

చూశానంది. పక్కనే సారీగారు, పెద్ద మెప్పు పొందినవాడిలా తలూపుతూ నిలబడ్డారు.