ముందు నీలం తీగ

మా రైల్వే ఊళ్లో, ఝపటాపూర్ పేటలో అన్నయ్య ఇల్లు రైలు పెట్టెలాంటిది. ఒకదాని వెనక ఒకటి నాలుగు గదులు. ముందు గదిలో ఇంటర్నెట్ రౌటర్, చిట్టచివర వంటిల్లు, మధ్యలో మూడు మందపాటి గోడలు. వైఫై రెండో గోడ దాటేది కాదు. అందుకని ఆ వానాకాలంలో ముందు గది నుంచి వంటింటి దాకా తీగ లాగి, అక్కడ ఒక కెమెరా పెట్టాలని వదినా నేనూ అనుకున్నాం.

కెమెరా అన్నయ్యను చూడటానికి.

అన్నయ్య నిమ్‌పురా రైల్వే యార్డులో, సిగ్నల్ విభాగంలో ముప్ఫై ఏళ్లకు పైగా తీగలు కట్టి రిటైరయ్యాడు. ఏడాదిగా మరుపు పట్టుకుంది. మొదట కళ్లజోడు ఎక్కడ పెట్టాడో మరిచిపోయేవాడు. తర్వాత మనుషుల పేర్లు. ఆ తర్వాత వెలిగించిన స్టవ్. అప్పటికే రెండు గిన్నెలు మాడాయి. వదిన తెలుగు బడిలో టీచరు, ఇంకా మూడేళ్ల సర్వీసు ఉంది. పదింటికి వెళితే నాలుగున్నరకు గాని తిరిగి రాదు. మనిషిని పెడితే, ఆవిడెవరో తెలియదని అన్నయ్య రెండో రోజే గేటు బయటికి సాగనంపాడు. ఇక మిగిలింది ఒకటే. ఆయన్ని ఒంటరిగా వదలగలిగితే వదినకు ఉద్యోగం ఉంటుంది, లేకపోతే లేదు.

ఆయనకు మాత్రం దొంగల భయమని చెప్పాం.

"మన వంటింట్లో దొంగకేటి దొరుకుతాదిరా? సింతపండా?" అని నవ్వాడు.

గోల్‌బజార్ దుకాణంలో రెండు కొసలా ప్లగ్గులున్న తీగ చూపించి, "దాదా, రెడీమేడ్ హై, లే లీజియే" అంటూ తీసుకోమన్నాడు దుకాణదారు. అన్నయ్య ఆ తీగను వేలితో అవతలికి నెట్టాడు. విడి తీగ, విడి ప్లగ్గులు, వాటిని బిగించే పట్టకారు కొనిపించాడు. ఇంటికి వచ్చాక నా చేతిలోంచి సంచీ లాక్కున్నాడు.

"నువ్వు పేపర్లో కామాలు దిద్దుకునీవోడివి. తీగల సంగతి నీకేటి తెలుస్తాది? తే ఇలా."

ఆ రెండు రోజులూ అన్నయ్య పాత మనిషే. గోడ వెంట మేకులు కొట్టిన తీరులో ఎక్కడా వంకర లేదు. తీగ కొస పైతోలు వలిచి, లోపలి ఎనిమిది సన్నటి తీగలను విడదీసి, వేళ్లతో సాపు చేస్తూ తనలో తాను అనుకున్నాడు. "బ్లూ, ఆరెంజ్, గ్రీన్, బ్రౌన్." అది టెలిఫోన్ తీగల వరస. ముప్ఫై ఏళ్ల పాటు రోజూ ఆయన వేళ్లు నడిచిన దారి.

"అన్నియ్యా, ఈ ప్లగ్గుకి వరస వేరేనట. వీటితో వచ్చిన కాగితం మీదుంది," అన్నాను.

"ఆ కాగితం రాసినోడు ఎప్పుడైనా యార్డుకొచ్చినాడేటి?"

నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

తీగను పరీక్షించే పరికరం రెండు ముక్కలుగా ఉంటుంది, లోపలి ఒక్కో తీగకూ ఒక్కో చిన్న దీపంతో. ఒకటి ముందు గదిలో ఆయన దగ్గర, రెండోది వంటింట్లో నా దగ్గర. యార్డులో లైను పరీక్ష చేసేటప్పుడు ఈ కొస నుంచి ఆ కొసకు కేకేసే పద్ధతి ఆయన మానలేదు.

"ఎలుగుతున్నాయేట్రా?"

"ఎలుగుతున్నాయి అన్నియ్యా, ఎనిమిదీ!"

వదిన ఆ సాయంత్రం పకోడీలు వేసింది. ఆయన తింటుంటే గుమ్మంలో నిలబడి అలాగే చూసింది.

కానీ కెమెరా బొమ్మ సరిగా రాలేదు. వచ్చేది, బిగుసుకుపోయేది, మాయమయ్యేది. తీగలు తెగలేదు కాబట్టి దీపాలన్నీ వెలుగుతాయి. అయితే ఈ ప్లగ్గులో మూడో తీగకు జోడీ ఆరోది. టెలిఫోన్ వరసలో కడితే ఆ జోడీ విడిపోతుంది. అంత పొడుగు తీగలో బొమ్మ నిలవదు. ఆదివారం మధ్యాహ్నం అన్నయ్య నిద్రపోతుంటే రెండు కొసలూ కత్తిరించి, కాగితంలో ఉన్నట్టు మళ్లీ కట్టాను. పత్రికలో ఒకరు రాసింది వాళ్లకు చెప్పకుండా దిద్దడం నాకు అలవాటే. కత్తిరించిన ప్లగ్గులు ఆయనకు కనబడకుండా జేబులో వేసుకున్నాను.

తొమ్మిది రోజులు బాగానే నడిచింది. వదిన పీరియడ్‌కూ పీరియడ్‌కూ మధ్య ఫోన్‌లో చూసుకునేది. ఆయన చిక్కుడుకాయల ఈనెలు తీయడం, తువ్వాలుతో కెమెరా అద్దం తుడవడం నాకు ఫోన్ చేసి చెప్పేది. ఈ మూడేళ్లూ ఇలాగే గడిచిపోతాయేమో అని ఒకసారి అంది కూడా.

పదో రోజు, పన్నెండు దాటాక ఫోన్ వచ్చింది.

"బాబూ, బొమ్మ ఆగిపోయింది. ఆయన స్టవ్ దగ్గర నిలబడున్నారు. పది నిమిషాలుగా అలాగే ఉన్నారు. మనిషి కదలట్లేదో, బొమ్మ కదలట్లేదో తెలీడం లేదు. మీరు తొందరగా ఎల్లండి."

పూరీ గేట్ దగ్గరున్న మా ఇంటి నుంచి వానలోనే స్కూటర్ తీశాను. గేటు తీస్తుండగానే మాడు కంపు కొట్టింది. వంటిల్లంతా పొగ. టీ గిన్నె అడుగు ఎర్రగా కాలిపోతోంది. స్టవ్ కట్టేసి, కిటికీ తెరిచాను. కెమెరా కింద తీగ కొసకు కొత్త ప్లగ్గు ఉంది. కత్తిరించిన పాతది గట్టు మీద పడి ఉంది.

అన్నయ్య ముందు గదిలో నేల మీద కూర్చుని రెండో కొస బిగిస్తున్నాడు. నన్ను చూసి ముఖం విప్పారింది.

"మంచి టయానికొచ్చినావురా. టీకి నీల్లు పెడుతూ సూసినాను, ఎవడో రంగుల వరస తప్పు కట్టీసినాడు. మన డిపార్ట్‌మెంటోడైతే కాడు. ఎవడై ఉంటాడంటావు?"

"తెలీదన్నియ్యా," అన్నాను.

వదిన అరగంటలో ఆటోలో వచ్చింది. నల్లబడిన గిన్నె చూసింది. ఆయన పక్కన నేల మీద కూర్చుని అడిగింది.

"టీ తాగినారా?"

"ఎవలిచ్చినారు?" అన్నాడు అన్నయ్య.

కొసలు రెండూ పది నిమిషాల్లో మళ్లీ కట్టేస్తానని వదినతో మెల్లగా అన్నాను.

"వద్దు బాబూ. ఆయన కట్టినట్టే ఉండనివ్వండి. చూడ్డానికి ఇక నేనే ఉంటాను గదా. వాలంటరీ రిటైర్మెంటుకి అప్లికేషన్ ఒకటి రాసి పెట్టండి, ఇంగ్లీషులో."

వంటింటి గట్టు తుడిచి, కాగితం పరుచుకుని రాశాను. నాలుగు వాక్యాలు. కారణం దగ్గర కుటుంబ పరిస్థితులు అని పెట్టాను. పక్కనే పరీక్ష పరికరం ముక్క తీగ కొసకు తగిలించి ఉంది. ముందు గది నుంచి కేక వినిపించింది.

"ఒరే, ఎలుగుతున్నాయేట్రా?"

"ఎలుగుతున్నాయి అన్నియ్యా, ఎనిమిదీ!"