గొర్రె కోసం తీసేసిన సీటు

సైరాగుల్ వదిన కొడుక్కని కొన్న కారు సీటును ఆమె మామ తుర్దకున్ విప్పి వాకిట్లో మంచులోకి విసిరేశాడు. డిక్కీ నిండా విందు సామాను ఉంది, కానుకగా తీసుకెళ్ళే గొర్రెకు చోటు కావాలి. పొరుగువాణ్ణని నన్నూ ఎక్కించుకున్నారు.

ఆ సీటు కోసం వదిన బిష్కెక్ నగరంలో దుకాణాలన్నీ తిరిగింది. బెల్టు బిగించి, రెండు చేతులా కుదిపి చూసి, కదలని దాన్నే కొంది. ఏడాది నిండని పిల్లాడని, వాడి ముఖం వెనక్కి ఉండేలా బిగించింది.

"వెనక్కి చూస్తూ పోతే వీడి బతుకూ వెనక్కే పోతుంది. మేమంతా ఒళ్ళో పెరిగినవాళ్ళమే, చచ్చామా?" అన్నాడు ముసలాడు.

చచ్చినవాళ్ళు వచ్చి చెప్పరు కదా! మామ ముందు కోడలు నోరెత్తకూడదు. వదిన పిల్లాణ్ణి వాడి నానమ్మ ఒళ్ళో పెట్టి కారెక్కింది.

కనుమ మీద కారు జారి బండను గుద్దింది. పిల్లాడు నానమ్మ ఒళ్ళోంచి ఎగిరిపడ్డాడు, తొడ ఎముక విరిగింది. కాళ్ళు కట్టేసిన గొర్రెకు గీత కూడా పడలేదు. వదిన ఆసుపత్రికి పోతే, ముసలాడు గొర్రెతో విందుకు పోయాడు. "అల్లా రాత" అంటూ అందరూ దాన్ని ఎముకల దాకా చీకారు.

వదినను ఆఖరిసారి వసంతంలో చూశాను. లైసెన్సు తెచ్చుకుని తనే కారు నడుపుతోంది. వెనక పిల్లాడు తన సీట్లో ఉన్నాడు. మరో విందు, మరో గొర్రె.

"కోడలా, ఆ కుర్చీ తీసెయ్" అన్నాడు తుర్దకున్.

వదిన మొదటిసారి ఆయనకేసి సూటిగా చూసింది.

"గొర్రెను మీ ఒళ్ళో కూర్చోబెట్టుకోండి మామయ్యా. ఒళ్ళో ఉంటే ఎవరూ చావరన్నారుగా."