గురువారం రాత్రి ఒంటిగంట నలభై రెండు

గత ఆదివారం పొద్దున హైదరాబాదులో మా ఇంటి బల్ల చుట్టూ ఉన్నవాళ్లం ముగ్గురం: నేను, నా భార్య, ఆరేళ్ల మా పాప. బల్ల మీద ఉన్నవి: రెండు టీ కప్పులు, సగం తిన్న ఉప్మా పళ్లెం ఒకటి, పాప రంగు పెన్సిళ్లు, నా ఫోను. ఆ ఫోనులోకి సిరోంచ నుంచి ఒక పెళ్లి పిలుపు వచ్చింది. కదిలే బొమ్మలు, సన్నాయి, దారి చూపే మ్యాపు, ముహూర్తానికి ఇంకా ఎన్ని రోజులు, ఎన్ని గంటలు ఉన్నాయో వెనక్కి లెక్కపెట్టే గడియారం, అన్నీ అందులోనే ఉన్నాయి. దాని వెనకే, ఒకప్పుడు నేను అద్దెకున్న ఇంటి పెద్దాయన గొంతు వినిపించింది. "సారూ, మనుమరాలి పెండ్లి. ఈసారి లెక్కలు గిక్కలు చెయ్యకు. అండ్ల ఉన్నట్టే రా."

ఏం లెక్కలని నా భార్య అడిగింది. చెప్పడానికి టీ చల్లారేంత సేపు పట్టింది.

డిప్లొమా చేతికొచ్చిన ఏడాదే, ప్రాణహిత మీద కడుతున్న వంతెన పనిలో ఉద్యోగం దొరికి విజయవాడ నుంచి, నదికి మరాఠీ వైపు ఒడ్డునున్న సిరోంచకు వెళ్లాను. పోసిన కాంక్రీటులో కొంత తీసి ఇనుప అచ్చుల్లో నింపి, గట్టిపడిన ఆ దిమ్మెలను నీళ్లలో ఉంచి, సరిగ్గా ఏడో రోజున కొన్ని, ఇరవై ఎనిమిదో రోజున కొన్ని యంత్రంలో పెట్టి పగలగొట్టి, ఎంత బరువుకు పగిలాయో రాయడం నా పని. తేదీ తప్పితే పరీక్షే తప్పు. అర్ధరాత్రి దాటాక పోసిన కాంక్రీటుకు మరుసటి తేదీ వేయాలన్నది మా పై అధికారి నాకు నేర్పిన మొదటి పాఠం. ఆ పాఠం ఎంత బాగా ఒంటబట్టిందో ముందు ముందు మీకే తెలుస్తుంది.

మొదటి నెలలో నా డైరీ వెనక పేజీని రెండు గడులు చేసి, ఊళ్లో నచ్చనివి ఒకవైపు, నచ్చినవి మరోవైపు రాసుకున్నాను. నచ్చనివి పదిహేడు. మరాఠీ బోర్డులు, మే నెల ఎండ, డాబా ఎక్కితే తప్ప దొరకని సిగ్నలు (మీటలు నొక్కే ఫోన్ల కాలం, నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది), నా తెలుగు విని కిరాణా కొట్టాయన మర్యాదకు హిందీలో జవాబివ్వడం, ఇలాంటివి. నచ్చినవి రెండే: నది, జొన్నరొట్టె.

నేను అద్దెకున్న ఇంటి పెద్దాయన నది ఒడ్డున వరి పండించే రైతు. పక్కింట్లో దర్జీ చాచా ఉండేవాడు. ఆయన తాతల నాటి నుంచీ అదే గుమ్మంలో కుట్టుమిషను. నా మాటతీరు రేడియోలో వార్తలు చదివినట్టుందని రోజూ ఆటపట్టించేవాడు. ఒక ఆదివారం బండి మీద కమలాపూర్ తీసుకెళ్లి అక్కడి శిబిరంలోని ఏనుగులను చూపించి, ఇవి కూడా ఈ ఊరికి అలవాటుపడినవే, నువ్వెందుకు పడవన్నాడు. పెద్దాయన భార్య, మా ఇంటామె, నేను అడగకుండానే పిట్టగోడ మీద కూర గిన్నె పెట్టిపోయేది. ఎప్పుడు కొట్టేశానో గుర్తులేదు గానీ, వానలు మొదలయ్యేసరికి నచ్చని పదిహేడులో ఆరింటి మీద గీతలు పడ్డాయి.

ఆ ఊళ్లో నాకు అనుకోని కొలువు ఒకటి దొరికింది. అక్కడ ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది మరాఠీ. నది అవతలి చుట్టాలు పంపే పెళ్లి పత్రికలేమో తెలుగులో ఉంటాయి. చదవగలిగిన ముసలివాళ్లకు చూపు ఆనదు, చూపున్నవాళ్లకు ఆ అక్షరాలు రావు. అలా మా వీధి పత్రికలు ఒక్కొక్కటిగా నా దగ్గరికి రావడం మొదలైంది. ఎవరు ఎవరికి మేనత్తో, ఏ ఇంటి ఆడపిల్ల ఏ ఊరికి వెళ్లిందో నాకు తెలిసింది ఆ పత్రికల వల్లే.

ఒకరోజు ఇంటామె పత్రిక తెచ్చి, మొగుడు లేని సమయం చూసి నా చేతిలో పెట్టింది. "బిడ్డా, జర సదువు. ఎన్నడు పోవాల్నో చెప్పు, సాలు."

అది పెద్దాయన చెల్లెలి కూతురి పెళ్లి. చెల్లెలిది నది అవతల చెన్నూరు వైపు పల్లె. ఆ అన్నాచెల్లెళ్లకు ఆరేళ్లుగా మాటల్లేవు. తల్లి వానాకాలంలో పోయింది. నది పొంగి పడవలు ఆగిపోయాయి, అన్న మరునాటిదాకా ఆగలేక దహనం చేసేశాడు. చెల్లెలు ఒక రోజు ఆలస్యంగా వచ్చి బూడిద చూసి, ఇంట్లో అడుగు పెట్టకుండానే తిరుగు పడవ ఎక్కింది. ఇప్పుడు పెళ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి మోయడానికి మేనమామ కావాలి గనుక పత్రిక వచ్చింది, అదీ వేరేవాళ్ల చేత. ముహూర్తానికి ముందు వెళ్లి, గంప మోసి, తెల్లారగానే తిరిగి వచ్చేస్తానని పెద్దాయన షరతు. ఈ రాకతో తెగితే ఇక ఎన్నటికీ అతకదని ఇంటామె బెంగ.

పత్రికలో ముహూర్తం గురువారం రాత్రి ఒంటిగంట నలభై రెండు నిమిషాలకని ఉంది. ఉన్నది ఉన్నట్టు చదివి ఉంటే సరిపోయేది. నేను లెక్క కట్టాను. అర్ధరాత్రి దాటితే తేదీ మారుతుంది, కాబట్టి గురువారం ఒంటిగంట అంటే బుధవారం పడుకున్నాక వచ్చేది. పత్రిక మడిచిచ్చి, బుధవారం రాత్రికి అక్కడుండాలని కచ్చితంగా చెప్పాను. ఫోను చేసి అడిగేంత మాటలు ఆ రెండిళ్ల మధ్య లేవు.

బుధవారం మధ్యాహ్నం పడవలో ఉన్నవాళ్లం నలుగురం: పెద్దాయన, ఇంటామె, పెళ్లిబట్టల మూటతో చాచా, తోడుగా రమ్మంటే వెళ్లిన నేను. ఇంటామె ఒడిలో కొత్త వెదురు గంప.

పెళ్లింటి ముందు పందిరికి నాలుగు గుంజలు మాత్రమే పాతి ఉన్నాయి. పెళ్లికూతురు తలకు నూనె రాసుకుని పాత చీరలో నీళ్లు మోస్తోంది. బియ్యం చెరుగుతున్న ఒకామె చేట ఆపి, "పెండ్లి రేపు రాత్రి గదా, వీళ్లేంది గింత ఆత్రం" అంది. పంచాంగంలో వారం మారేది సూర్యోదయానికే గానీ అర్ధరాత్రికి కాదని అప్పుడు గుర్తొచ్చింది. పెద్దాయన నా వైపు తిరిగి చూశాడు. తప్పు నాది, చెప్పేయాలి. మా పరీక్షల రిజిస్టరులో తప్పు అంకె పడితే అడ్డగీత కొట్టి, పక్కన సరైనది రాసి సంతకం పెట్టాలి. నేను నోరు తెరవబోయాను. చాచా నా పాదం మీద చెప్పుకాలు వేసి గట్టిగా నొక్కాడు. "సారుకు ఎండ దెబ్బ కొట్టినట్టుంది. జర నీళ్లియ్యుండ్రి."

ఈలోగా చెల్లెలు పసుపు చేతులతోనే వాకిట్లోకి వచ్చింది. అన్నను, గంపను, ఖాళీ గుంజలను వరసగా చూసింది.

"ఆనాడు ఒక్క రోజు ఆగకపోతివి. ఇయ్యాల ఒక రోజు ముందుగాల్నే వస్తివా అన్నా?"

పెద్దాయన ఒక గుంజ దగ్గరికి నడిచాడు. తర్వాత కండువా తీసి గుంజకు తగిలించి, "రావాలనిపిచ్చింది, వచ్చిన" అన్నాడు.

ఆమె లోపలికి వెళ్లి కాళ్లకు నీళ్లు తెచ్చింది. ఆ సాయంత్రం, మర్నాడు పగలంతా ఆయన మిగిలిన గుంజలు పాతాడు, వంటకు కట్టెలు కొట్టాడు. చెల్లెలు పక్కనే కూర్చుని ఆరేళ్ల సంగతులు చెబుతూ మధ్యలో తల్లి మాట వచ్చినప్పుడల్లా ఏడ్చి, మళ్లీ పనిలో పడింది. విస్తరాకులు లెక్కపెట్టే పని నాకిచ్చారు. శుక్రవారం తిరుగు పడవలో, నది మధ్యకు వచ్చాక, పెద్దాయన మెల్లగా, "సారూ, గా లెక్క తప్పయిందని ఎవ్వలకు చెప్పకు. గట్లనే ఉండనియ్యి" అన్నాడు. నేను దిద్దకుండా వదిలేసిన తప్పు నా జన్మలో అదొక్కటే. వేరే చోటికి మారతావా అని ఆ నెలలోనే మా కంపెనీ వాళ్లు అడిగితే, వంతెన పూర్తయ్యేదాకా ఇక్కడే ఉంటానన్నాను.

వంతెన పూర్తయింది. ఇప్పుడు ఆ చెల్లెలు అల్లుడి బండి మీద పొద్దున వచ్చి, అన్నతో టీ తాగి, వంట వేళకు వెళ్లిపోతుందట. దిమ్మెలు పగలగొట్టి, ఆ వంతెన గట్టిదని సంతకం పెట్టిన వాళ్లలో నేనూ ఉన్నాను, అందుకు నాకు గర్వమే. కానీ పడవల కాలంలో చివరి పడవ పొద్దుగూకకముందే వెళ్లిపోయేది, వచ్చిన మనిషి ఉండిపోక తప్పేది కాదు. మాటలన్నీ అయిపోయాక కూడా ఒకే కప్పు కింద ఉండాల్సి వచ్చేది, అసలు మాటలు అప్పుడే మొదలయ్యేవి. పిలుపు ఇప్పుడు నిమిషంతో సహా కచ్చితంగా వస్తుంది. ఒక రోజు ముందు వెళ్లే వీలు ఇక ఎవరికీ లేదు.

ఆ పెళ్లి తర్వాత నేను సిరోంచలో ఉన్న మూడేళ్లలో ఆ చెల్లెలు తన అన్న ఇంట్లో నిద్ర చేసిన రాత్రులు ఇరవై మూడు.